ఎవరు రాసిచ్చిన్రు?

మా ఇంట్ల మొదటి సంతకం నాదే. మా నాయినది వేలిముద్ర. పటేలు దగ్గర జీతం ఉన్నప్పుడు తెచ్చిన అప్పుకు ప్రోనోటు మీద వేసిన ముద్ర అది. ఆ కాగితంలో ఏం రాసిన్రో ఆయనకు తెలవదు.

డిగ్రీలో వ్యాసరచన పోటీకి రాసిస్తే, చదివిన సారు నన్ను పిలిచి "నిజం చెప్పు, ఎవరు రాసిచ్చిన్రు?" అన్నడు. నేనే సార్ అన్న. నమ్మలేదు. ఎదురుగ కూచోబెట్టి ఇంకో పేజీ రాయించిండు. రాసిన. దాన్నీ అనుమానంగనే చూసిండు.

టీచరు ఉద్యోగం వచ్చినంక ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఒక దళిత కవి మొదటి పుస్తకం దొరికింది. తొలి ముద్రణ. లోపలి పేజీలో "అన్నకు, ప్రేమతో" అని కవి చేతిరాత, కింద సంతకం. ముప్పై రూపాయలు. ఇంటికి తెచ్చి చూపిస్తే నాయిన ఆ సంతకం మీద బొటనవేలు పెట్టి "ఎంత అప్పుకు పెట్టిండు బిడ్డా?" అన్నడు. ఏం చెప్పాల్నో తోచలేదు. అప్పట్నుంచి అట్లాంటి పుస్తకాలు ఏరుకుంటున్న.

తోటి టీచర్లు దీన్ని ఉన్నోళ్ల సరదా అంటరు. కొంత నిజమే. తొలి ముద్రణ అయి, రచయిత సంతకం కూడా ఉంటే పాత పుస్తకానికి ధర పెరుగుతుంది. కానీ ఆ సంతకాల చరిత్రలో ఒక బానిస పిల్ల సంతకం కూడా ఉంది.

ఆమె ఫిలిస్ వీట్లీ. 1761లో ఆఫ్రికా నుంచి బానిసల ఓడలో బోస్టన్‌కు తెచ్చి అమ్మినప్పుడు ఆమెకు ఏడెనిమిదేళ్లు. ఆ ఓడ పేరే ఆమెకు పెట్టారు. కొన్నవాళ్ల ఇంట్లో చదువు నేర్చి కవిత్వం రాసింది. బోస్టన్‌లో పుస్తకం వేయడానికి చాలినంతమంది చందాదారులు దొరకలేదు. చివరికి 1773లో లండన్‌లో అచ్చయింది. నల్లజాతి బానిస రాసిందంటే లోకం నమ్మదని, ఈ కవితలు ఈమెవేనంటూ 18 మంది బోస్టన్ పెద్దమనుషుల ధ్రువపత్రం పుస్తకం ముందు వేశారు. అందులో గవర్నరు కూడా ఉన్నాడు. నన్నడిగిన ప్రశ్న రెండువందల ఏండ్లకు ముందే ఆమెనూ అడిగిన్రన్నమాట!

ఆ ఏడాదే ఆమెకు విడుదల దొరికింది. ఇక పుస్తకం అమ్ముడుపోతేనే బతుకు. అమ్మకంలో సగం ఆమెది. అక్టోబరులో న్యూ హేవెన్‌లోని డేవిడ్ వూస్టర్‌కు ఉత్తరం రాసింది. అక్కడి ప్రింటర్లు తన పుస్తకాన్ని మళ్లీ అచ్చేయకుండా చూడమని, ఒకవేళ వేసినా అసలు ప్రతి తెలిసేలా తన చేత్తో సంతకం పెట్టానని. ఆ పుస్తకంలో పద్దెనిమిది మంది పెద్దలవి అచ్చు పేర్లు. ఆమెది సిరా సంతకం.

1779లో రెండో పుస్తకానికి ప్రకటన ఇస్తే చందాదారులు రాలేదు. 1784లో పేదరికంలోనే చనిపోయింది. ఇవాళ ఆ సంతకం ఉన్న ప్రతుల్ని గ్రంథాలయాలూ ధనవంతులూ అపురూపంగా దాచుకుంటున్నారు. బతికుండగా రెండో పుస్తకానికి కొనేవాళ్లు లేకపోయారు.

నాయినకు ఆ రోజు చెప్పలేని జవాబు ఇప్పుడు చెప్పిన. "అప్పుకు కాదు నాయినా, తనే రాసినట్టు."

మా బడిలో పిల్లలతో రాతపత్రిక తీయిస్త. ఎవరు రాసిన దాని కింద వాళ్లే సంతకం పెట్టాలె. ఎవరు రాసిచ్చిన్రని మాత్రం నేను ఎవర్నీ అడగను.