టర్బో బండికి ఏ క్యామ్?

2004లో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ మన మార్కెట్లోకి వచ్చేనాటికి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచి ఆరేళ్లయింది. కొత్తగూడ కూడలికి ఫ్లైఓవర్ ఇంకా రాలేదు. టర్బో అంటే అప్పటిదాకా మనవాళ్లకు డీజిలు బండి వెనక కనిపించే మాట. పెట్రోలు ఇంజిన్‌కు టర్బో తగిలించి 150 హార్స్‌పవర్ తీసిన ఆ కారు ఐటీ కుర్రాళ్లకు కొత్త ఆశ పెట్టింది. ఆ తర్వాత పోలో జీటీ టీఎస్‌ఐ వచ్చింది, మరెన్నో వచ్చాయి. కంప్యూటర్ ట్యూనింగ్ అయ్యాక, పెద్ద టర్బో వేయించాక ప్రతివాడూ వచ్చి ఆగే ప్రశ్న ఒకటే: ఇక క్యామ్‌షాఫ్ట్ ఏది వేయాలి? పెద్దది వేయమని చాలామంది చెప్పే జవాబు తప్పు. అది ఎక్కడ పుట్టిందో తెలియాలంటే మద్రాసు పక్కన షోలవరం దాకా వెళ్లాలి.

షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏళ్ల తరబడి రేసులు నడిపింది. అక్కడ వెలిగిన పేర్లలో ఎస్. కరివర్ధన్ ఒకరు. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు నాయుళ్ల కుటుంబం ఆయనది. మిల్లుల ఇంట పుట్టి ఇంజిన్ల వెంట పడ్డ మనిషి. మారుతీ 800 ఇంజిన్‌తో ఒంటి సీటు రేసు కారు కట్టి, మధ్యతరగతి కుర్రాడికి కూడా రేసు అందేలా చేశాడు. నరైన్ కార్తికేయన్ తొలి అడుగులు ఆ ఫార్ములా మారుతీ రేసుల్లోనే పడ్డాయి. 1995లో కరివర్ధన్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు. దక్షిణాదిలో రేసు కారు గురించి మాట్లాడేవాళ్లు ఆయన్ని తలచుకోకుండా మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం.

ఆ రోజుల ఇంజిన్లకు టర్బో లేదు, గాలిని అవే పీల్చుకోవాలి. క్యామ్‌షాఫ్ట్ మీద కోడిగుడ్డు ఆకారంలో లోబులు ఉంటాయి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, లోబు వచ్చి నొక్కినప్పుడు వాల్వు తెరుచుకుంటుంది. అది ఎంత లోతుకు దిగుతుందో చెప్పేది లిఫ్ట్, ఎన్ని డిగ్రీల పాటు తెరిచి ఉంటుందో చెప్పేది డ్యూరేషన్. ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుంటే, రెండూ తెరిచి ఉన్న ఆ కాసేపటిని ఓవర్‌ల్యాప్ అంటారు. టర్బో లేని రేసు ఇంజిన్‌కు ఇదే ప్రాణం. హై ఆర్‌పీఎమ్‌లో బయటికి దూకే పొగ తన వెనక కొత్త గాలిని లాక్కొస్తుంది. అందుకే రేసు మెకానిక్కులు ఓవర్‌ల్యాప్ పెంచి, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల నడిమి కోణాన్ని 104, 106 డిగ్రీలకు దగ్గర చేసేవారు. పెద్ద క్యామ్ వేస్తే పవర్ పెరుగుతుందన్న మాట ఆ షెడ్లలో నిజం. టర్బో బండి దగ్గరికి వచ్చేసరికి అదే మాట దారి తప్పిస్తోంది.

స్విస్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూచి 1905లో టర్బోకు పేటెంట్ తీసుకున్నాడు. పొగ వేగంతో ఒక చక్రం తిరుగుతుంది, అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం గాలిని ఇంజిన్‌లోకి కుక్కుతుంది. అయితే మొదటి చక్రం పొగ దారికి అడ్డంగా కూర్చుంది. చిన్న టర్బోను బలవంతంగా తిప్పితే ఇన్‌టేక్‌లో ఒక బార్ బూస్ట్ (టర్బో కుక్కిన గాలి ఒత్తిడి) ఉన్నప్పుడు ఎగ్జాస్ట్‌లో రెండు బార్లు పేరుకోవచ్చు. ఆ స్థితిలో రెండు వాల్వులూ తెరిచి ఉంటే కాలిన పొగే సిలిండర్‌లోకి, ఇన్‌టేక్‌లోకి వెనక్కి తోసుకొస్తుంది. కొత్త గాలికి చోటు తగ్గుతుంది, లోపల వేడి పెరుగుతుంది, ఇంధనం తనంతట తానే పేలే నాకింగ్ మొదలవుతుంది. వేలు పోసి కొన్న క్యామ్‌తో పికప్ పోయిందని చెప్పేవాళ్ల ఇంజిన్లలో ఎక్కువసార్లు జరిగేది ఇదే.

1974లో పోర్షే 911 టర్బోను పారిస్‌లో చూపించింది. మూడు లీటర్లు, 260 హార్స్‌పవర్. 930 అని పిలిచే ఆ కార్లను తర్వాత పదును పెట్టుకున్నవాళ్లు చాలామంది రేసు క్యామ్ జోలికి పోలేదు. మామూలు 911 ఎస్‌సీలోని క్యామ్ తెచ్చి వేసుకున్నారు. ప్రపంచమంతా మెచ్చిన టర్బో కారుకు రోడ్డు బండి క్యామే సరిపోయింది! ఈ రోజుకూ టర్బో కోసం చేసే క్యామ్‌లలో లోబుల నడిమి కోణం ఎక్కువగా 112 నుంచి 116 డిగ్రీల మధ్య ఉంటుంది. కారణం ఓవర్‌ల్యాప్ తగ్గించడమే. ఎగ్జాస్ట్ ఒత్తిడిని బూస్ట్‌కు దగ్గరగా ఉంచగల పెద్ద టర్బో ఉన్నవాళ్లు మాత్రం కాస్త ఎక్కువ ఓవర్‌ల్యాప్‌కు సాహసించవచ్చు.

ఆక్టేవియా ఆర్‌ఎస్ ఇంజిన్ సంగతే చూడండి. సిలిండర్‌కు ఐదు వాల్వులు, మూడు గాలికి, రెండు పొగకు. బెల్టు ఎగ్జాస్ట్ క్యామ్‌ను తిప్పుతుంది, అక్కడి నుంచి చిన్న గొలుసు ఇన్‌టేక్ క్యామ్‌ను తిప్పుతుంది. రెండు క్యామ్‌ల గుర్తుల మధ్య గొలుసు రోలర్లు 16 ఉండాలి. ఒక్కటి తప్పినా టైమింగ్ పోయినట్టే. కంపెనీ ఇచ్చిన చిన్న టర్బో అలాగే ఉంచి, బెల్జియం క్యాట్ క్యామ్స్ సెట్టు తెప్పించి వేసినా పెద్దగా ఫలితం ఉండదు. ఊపిరి ఆడనిది టర్బో దగ్గరయితే క్యామ్ ఏం చేస్తుంది?

దిగుమతి ఖరీదు చూసి కొందరు పాత క్యామ్‌నే గ్రైండింగ్‌కు ఇస్తారు. ఇక్కడ షోలాపూర్ గుర్తుకు రావాలి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు మగ్గాలతో నిలబెట్టిన ఊరది. అక్కడే 1992లో మొదలైన ప్రెసిషన్ క్యామ్‌షాఫ్ట్స్ దేశవిదేశాల కార్ల కంపెనీలకు క్యామ్‌లు పోసి ఇస్తోంది. చిల్డ్ కాస్ట్ ఐరన్ పద్ధతిలో, అచ్చులో లోబు వచ్చే చోట ఇనుప దిమ్మలు పెడతారు. కరిగిన ఇనుము వాటిని తాకి చప్పున చల్లారుతుంది, అక్కడి పొర రాయిలా బిగుస్తుంది. ఆ గట్టి పొరకు లోతు కొంతే. లిఫ్ట్ కోసం లోబు అడుగును అదేపనిగా అరగదీస్తే పొర పలుచబడుతుంది, హైడ్రాలిక్ లిఫ్టర్‌కు అందాల్సిన ఎత్తు కూడా తగ్గిపోతుంది. గ్రైండింగ్ చేసేవాడికి ఈ లెక్క తెలియకపోతే ఆ క్యామ్ వేయకపోవడమే మేలు.

కొత్త క్యామ్‌తోపాటు వాల్వు స్ప్రింగులూ మార్చాలి, బూస్ట్ ఇన్‌టేక్ వాల్వు వీపు మీద నెడుతూనే ఉంటుంది కాబట్టి. పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య ఇన్‌టేక్ వైపు కనీసం 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లు ఉన్నాయో లేదో కొలిచి చూడాలి. డిగ్రీ వీలు, డయల్ గేజీ లాంటి కొలత సాధనాలు లేని షెడ్డుకు ఈ పని అప్పగించకండి.

రోడ్డు మీద తిరిగే బండికి చట్టమూ ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద తీర్పు ఇస్తూ, తయారీదారు నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని స్పష్టం చేసింది. ఓవర్‌ల్యాప్ ఎక్కువున్న క్యామ్‌తో ఇంజిన్ నిలకడగా ఉండదు, పొగ పరీక్ష గట్టెక్కడమూ కష్టమే. వేగం చూసుకోవాలంటే కోయంబత్తూరులో, మద్రాసులో ట్రాకులున్నాయి.

కొత్తగూడ నుంచి ఎవరైనా రేపు క్యామ్ ఆర్డరు పెట్టబోతుంటే ఒక మాట. ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు గేజీ పెట్టించి, ఫుల్ బూస్ట్‌లో ఒత్తిడి ఎంతో చూడండి. అది బూస్ట్‌కు రెట్టింపు ఉంటే డబ్బు టర్బో మీద పెట్టండి. ఆ రెండు అంకెలు చేతిలో లేకుండా క్యామ్ కొనకండి.