ఎయిర్‌బ్యాగు చరిత్ర: మరమ్మతు నియమాల పుట్టుక

ప్రస్తావన

కారు ఎయిర్‌బ్యాగు మరమ్మతు నియమాలు పైకి వట్టి జాగ్రత్తల పట్టికలా కనిపిస్తాయి. నిజానికి వాటి వెనుక రూపకర్తల నిర్ణయాలున్నాయి. ప్రయాణికుణ్ణి కాపాడటానికి చేసిన ఏర్పాటే మెకానిక్‌కు ప్రమాదకరం కావడం ఈ చరిత్రలోని ముఖ్యాంశం.

గాలి నుండి మందుగుండు వరకు

అమెరికాలో జాన్ హెట్రిక్, జర్మనీలో వాల్టర్ లిండరర్ 1953లో గాలిసంచికి పేటెంట్లు పొందారు. హెట్రిక్ సంచిని నింపేది పీడనంతో నిల్వచేసిన గాలి. కానీ కారు ఢీకొన్నప్పుడు సంచి నిండటానికి సుమారు సెకనులో ఇరవయ్యో వంతు వ్యవధి మాత్రమే ఉంటుంది. ఆ వేగం కోసం సోడియం అజైడ్ వంటి రసాయనాన్ని మండించి నైట్రోజన్ వాయువును పుట్టించే పద్ధతి వచ్చింది. 1980ల ఆరంభంలో మెర్సిడెస్ బెంజ్ ఎస్ క్లాస్ కార్లలో ఇటువంటి సంచులు అమర్చారు. అంటే మెకానిక్ విప్పేది గుడ్డసంచిని మాత్రమే కాదు, చిన్న మందుగుండు పరికరాన్ని కూడా.

నియమాలు, కారణాలు

ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా సంచి తెరుచుకోవాలి. అందుకే నియంత్రణ పెట్టెలోని కెపాసిటర్లు కొంత విద్యుత్తును నిల్వ ఉంచుతాయి. కనుక బ్యాటరీ తీగ విప్పిన తర్వాత కూడా, ఆ కారు సర్వీసు పుస్తకం చెప్పినంత సేపు ఆగాలి. స్వల్ప విద్యుత్తుకే మందు అంటుకోవచ్చు. కాబట్టి మామూలు మల్టీమీటరుతో ఇన్‌ఫ్లేటరును పరీక్షించరాదు. విప్పిన ఎయిర్‌బ్యాగును ముఖభాగం శరీరానికి అవతలివైపు ఉండేలా మోయాలి, బల్లపై ముఖభాగం పైకి ఉండేలా పెట్టాలి. బోర్లా పెడితే, పేలినప్పుడు పరికరమంతా పైకి ఎగురుతుంది.

తకాటా పాఠం

అమ్మోనియం నైట్రేట్ వాడిన తకాటా ఇన్‌ఫ్లేటర్లలో ఏళ్ల తరబడి వేడి, తేమల వల్ల మందు దెబ్బతింది. తొడుగు బద్దలై లోహపు ముక్కలు తగిలి పలువురు మరణించారు. కోట్లాది ఇన్‌ఫ్లేటర్లను మార్చవలసి వచ్చింది. 2017లో ఆ సంస్థ దివాలా తీసింది. ఈ లోపం పైకి కనిపించదు. పాత కారు నుండి తీసిన ఎయిర్‌బ్యాగును మరో కారుకు అమర్చరాదనడానికి ఇదొక బలమైన కారణం.

ముగింపు

భారతదేశంలో 2019 జూలై 1 నుండి కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. అందువల్ల ఈ పని చిన్న ఊళ్ల షెడ్లకూ చేరుతోంది. పేలిన సంచి స్థానంలో రెసిస్టరు పెట్టి హెచ్చరిక దీపాన్ని ఆర్పితే మరమ్మతు పూర్తయినట్టే కనిపిస్తుంది. కానీ తదుపరి ప్రమాదంలో ఆ సంచి తెరుచుకోదు. యజమానికి ఆ సంగతి తెలిసేది అప్పుడే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

బ్యాటరీ తీగ విప్పిన తర్వాత కూడా ఎందుకు ఆగాలి? రూపకర్తల ఏ నిర్ణయం ఈ నియమానికి మూలం?