ప్లైవుడ్ పొరల్లో ఒక పేరు

పోయిన వేసవిలో పుస్తకాల అలమర నేనే చేసుకున్నాను. 18 ఎం.ఎం. ప్లైవుడ్ షాపులోనే కోయించి తెచ్చాను. స్క్రూలు బిగించడం సులువే, అంచులే ఏడిపించాయి. కోసిన చోట పొరలన్నీ నోరు తెరుచుకుని కనిపిస్తాయి. లప్పం పెట్టి, ఆరాక సాండ్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ వేసి, మళ్లీ రుద్ది, ఆపైన రెండు పూతలు ఎనామెల్. చెయ్యి నున్నగా జారడానికి నాలుగు రోజులు పట్టింది. చూసినవాళ్లు అడిగింది మాత్రం ఒకటే, "సార్ చేశారా?"

నాకు రే ఈమ్స్ గుర్తొచ్చింది. హాన్స్ హాఫ్‌మన్ దగ్గర చిత్రకళ నేర్చుకున్న మనిషి. 1941లో చార్లెస్‌ని పెళ్లాడి లాస్ ఏంజిలస్ వెళ్లాక, తాముంటున్న అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరూ ప్లైవుడ్ వంచడం మొదలుపెట్టారు. సన్నటి చెక్కపొరలకి జిగురు రాసి, ప్లాస్టర్ అచ్చులో పెట్టి, కరెంటు తీగలతో వేడిచేసి, సైకిలు పంపుతో గాలికొట్టి అదిమేవారు. ఆ ఇంటి యంత్రం పేరు 'కజామ్!' యుద్ధకాలంలో అమెరికా నావికాదళం వాడిన ప్లైవుడ్ కాలిబద్దలూ, ఆ తర్వాతి కుర్చీలూ ఆ ప్రయోగాల నుంచి వచ్చినవే.

1946లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆ కుర్చీలను ప్రదర్శించింది, 'చార్లెస్ ఈమ్స్ రూపొందించిన కొత్త ఫర్నిచర్' అనే పేరుతో. ఇంట్లో ఇద్దరూ కలిసి చేసిన పనిలో ఆమె వాటా 'సాయం' కింద జమ అయిపోయిందన్నమాట. (సాహిత్య చరిత్రలు చదివే మనకిది కొత్తా?) 1958లో భారత ప్రభుత్వానికిచ్చిన 'ఇండియా రిపోర్ట్' మీద మాత్రం ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అహ్మదాబాద్ డిజైన్ సంస్థకి పునాది అదే.

మా అలమర కింది అరకి తొందరపడి ఒక్కసారే లప్పం పెట్టాను. పొరల గీతలు అక్కడింకా కనిపిస్తూనే ఉన్నాయి.