మృతుల దినపు పరుగు

మెక్సికన్లు ఏటా జరుపుకునే మృతుల దినం 'దియా దె మువెర్తోస్' రోజుల్లో, అంటే అక్టోబరు చివర, నవంబరు మొదట్లో, పేటవాళ్ళంతా కలిసి పెట్టుకునే పరుగు ఇది. స్పానిష్‌లో దీన్ని 'కర్రేరా దె లోస్ మువెర్తోస్' అంటారు. అమెరికాలో మెక్సికన్ కుటుంబాలు స్థిరపడిన చోట్ల ఇది కనిపిస్తుంది. షికాగోలోని పిల్సెన్ పేటలో జరిగేది అందులో ఒకటి. దూరం 5 కిలోమీటర్లే. వేగంగా పరుగెత్తేవారితో పాటు నడిచేవారూ, చంటిబిడ్డల బండ్లు తోసుకొచ్చేవారూ ఉంటారు.

పండుగ పాతది, పరుగు కొత్తది. నవంబరు 1న చనిపోయిన పిల్లల ఆత్మలు, 2న పెద్దల ఆత్మలు ఇంటికి వస్తాయని నమ్మకం. వారి కోసం ఇంట్లో 'ఒఫ్రెండా' అనే పీఠం అమరుస్తారు. దాని మీద పోయినవారి ఫొటో, కొవ్వొత్తులు, ఉప్పు, వాళ్ళు ఇష్టంగా తిన్న వంటకాలు, 'పాన్ దె మువెర్తో' అనే గుండ్రటి తీపి రొట్టె ఉంటాయి. రొట్టె పైన పిండితోనే ఎముకల ఆకారాలు అద్దుతారు. దూరం నుంచి వచ్చినవాళ్ళకు దాహం వేస్తుందని గ్లాసుడు నీళ్ళు తప్పకుండా పెడతారు. కోపాల్ జిగురుతో ధూపం వేస్తారు. దారి తప్పకుండా గుమ్మం నుంచి పీఠం దాకా ముద్దబంతి రేకులు చల్లుతారు. మన బతుకమ్మలోనూ, దసరా తోరణాల్లోనూ కనిపించే ఈ పువ్వు పుట్టిల్లు మెక్సికోనే. యునెస్కో ఈ ఆచారాన్ని 2008లో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

పరుగెత్తేవారు ముఖాలకు పూసుకునే పుర్రె రంగుల కథ వేరు. చిత్రకారుడు హోసే గ్వాదలూపె పొసాదా (1852–1913) పూల టోపీ పెట్టుకున్న స్త్రీ అస్థిపంజరాన్ని చెక్కాడు. విదేశీ ఫ్యాషన్లకు ఎగబడే వారి మీద అది ఎగతాళి. 1947లో ముగించిన కుడ్యచిత్రంలో దియెగో రివేరా ఆమెకు నిలువెత్తు రూపం, గౌను ఇచ్చాడు. ఆమే నేటి 'కత్రీనా'. ముఖాలకు ఆ రంగులు పూసుకునే పద్ధతి పల్లెల్లోని పూర్వాచారం కాదు. పల్లెల్లో ముఖ్యమైన పని సమాధులు కడిగి పూలు పరచడం. మెక్సికో నగరంలోని భారీ ఊరేగింపు కూడా 2015 నాటి జేమ్స్‌బాండ్ సినిమా 'స్పెక్టర్' చూపించిన తరువాత, 2016లో మొదలైందే. అందువల్ల పరుగును మాత్రమే కల్తీ అనడం న్యాయం కాదు.

అమెరికాలో ఈ పండుగ ఇల్లు దాటి వీధికెక్కింది 1970ల తొలి ఏళ్ళలో, మెక్సికన్ అమెరికన్ల హక్కుల కోసం సాగిన చికానో ఉద్యమ కళాకారుల చేతుల మీదుగా. పిల్సెన్ ఒకప్పుడు చెక్ వలసదారుల పేట. అక్కడ 1987లో తలుపులు తెరిచిన మెక్సికన్ కళల మ్యూజియం ఏటా మృతుల దినం ప్రదర్శన పెడుతుంది. సమాధులు వేల మైళ్ళ దూరంలో మెక్సికో పల్లెల్లో ఉండిపోయిన కుటుంబాలకు ఇలాంటి ఉమ్మడి చోటు అవసరమైంది. ఇంట్లో పీఠం మీద మన వాళ్ళ ఫొటోలే ఉంటాయి. అందరూ కలిసి పెట్టే ఒఫ్రెండా మీద పక్కింటి తాత, చిన్ననాటి టీచరు, పేరు తెలియని పసిపాప కూడా చేరతారు.

ఈ పండుగను సరుకుగా మారుస్తున్నారన్న గొడవ తరచూ వస్తుంది. 2013లో తన సినిమా సరుకుల కోసం 'దియా దె లోస్ మువెర్తోస్' పేరును ట్రేడ్‌మార్క్ చేయించబోయిన డిస్నీ, నిరసనలు చెలరేగడంతో దరఖాస్తు వెనక్కు తీసుకుంది. పరుగులకూ ఆ ప్రశ్న తప్పదు. పుర్రె బొమ్మ పతకం, రంగుల టీషర్టు ఇచ్చి పంపేస్తే అది మామూలు పరుగు పందెమే. పోయినవారి ఫొటో పెట్టుకోవడానికి ఒక ఒఫ్రెండా, వారి పేరు చెప్పుకోవడానికి కాస్త సమయం ఉంటేనే దానికి మృతుల దినంతో సంబంధం.