ల్యాప్‌టాప్ చరిత్ర: చదువూ ఆటా కలిసి నడిచిన దారి

1. ప్రస్తావన

పిల్లలు కంప్యూటర్ సైన్స్‌లో చేరగానే ఇంట్లో తలెత్తే మొదటి ప్రశ్న ల్యాప్‌టాప్‌ది. చదువుకు పనికొస్తే చాలని తల్లిదండ్రులు అంటారు. ఆటలు కూడా నడవాలని విద్యార్థి కోరుకుంటాడు. కొనగలిగేది ఒక్కటే, కోర్సు పూర్తయ్యే వరకు అదే పనిచేయాలి. ఈ వాదనలో చదువు, ఆట ఎదురెదురు పక్షాలుగా కనిపిస్తాయి. అయితే కంప్యూటర్ చరిత్రలో ఆ రెండూ ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ వచ్చాయి. అసలు పోటీ శక్తికీ, బరువు, వేడి, బ్యాటరీలకూ మధ్య ఉంది. ఈ రెండు విషయాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. ఆట వెనుక శాస్త్రం

1962లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు పీడీపీ-1 కంప్యూటర్‌పై ‘స్పేస్‌వార్’ అనే ఆటను రూపొందించారు. ఆ యంత్రం సక్రమంగా పనిచేస్తున్నదో లేదో పరీక్షించడానికి కూడా తరువాత ఆ ఆటను వాడారు.

1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ ‘స్పేస్ ట్రావెల్’ అనే ఆట రాశాడు. పెద్ద కంప్యూటర్‌పై దాన్ని ఒక్కసారి ఆడితే సుమారు 75 డాలర్ల యంత్రకాలం ఖర్చయ్యేది. అందుచేత, అంతగా వాడకంలో లేని పీడీపీ-7 అనే చిన్న యంత్రానికి ఆటను మార్చాడు. ఆ పనిలో యంత్రంపై పట్టు చిక్కింది. యూనిక్స్ తొలిరూపం ఆ యంత్రంపైనే తయారైంది. మీరు ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో చదివే యూనిక్స్ వెనుక ఒక ఆట ఉందన్నమాట.

3. ఒళ్లోకి వచ్చిన యంత్రం

నోటు పుస్తకమంత పరిమాణంలో, రెండు కిలోలలోపు బరువుతో పిల్లలు కూడా మోసుకెళ్లగల కంప్యూటర్‌ను 1972లో అలన్ కే తన వ్యాసంలో ఊహించాడు. దానికి ‘డైనాబుక్’ అని పేరు పెట్టాడు. వాస్తవం ఆ ఊహకు చాలా దూరంలో ఉండేది. 1981లో వచ్చిన ఆస్బోర్న్ 1 బరువు దాదాపు 11 కిలోలు, తెర 5 అంగుళాలు. అందులో బ్యాటరీ అమర్చి ఉండేది కాదు. 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్‌తో, మూతలా తెరుచుకునే నేటి ఆకృతి రూపుదిద్దుకుంది. దాని ధర 8,000 డాలర్లు దాటింది. 1985లో తోషిబా టీ1100 సాధారణ వినియోగదారుల మార్కెట్‌లోకి వచ్చింది. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని వాణిజ్యపరంగా విడుదల చేసింది. బరువు తగ్గడానికి ఈ బ్యాటరీ ఎంతో తోడ్పడింది.

4. గ్రాఫిక్స్ చిప్ కథ

1993లో ‘డూమ్’, 1996లో ‘క్వేక్’ వంటి ఆటలు వచ్చాక వేగవంతమైన గ్రాఫిక్స్‌కు గిరాకీ పెరిగింది. 1999లో ఎన్విడియా తన జీఫోర్స్ 256ను ‘జీపీయూ’ అనే పేరుతో ప్రచారం చేసింది. తెరపై లక్షలాది చుక్కల రంగులను ఒకేసారి లెక్కించడం ఈ చిప్ పని. ఇదే పద్ధతి శాస్త్రీయ గణనకూ పనికొచ్చింది. 2007లో విడుదలైన కుడా సాఫ్ట్‌వేర్ ఆ మార్గాన్ని సుగమం చేసింది. 2012లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆటల కోసం తయారైన రెండు జీటీఎక్స్ 580 కార్డులతో ‘అలెక్స్‌నెట్’కు శిక్షణనిచ్చి, చిత్రాలను గుర్తించే ఇమేజ్‌నెట్ పోటీలో గెలిచారు. ఒక్కో కార్డులో 3 జీబీ మెమరీ మాత్రమే ఉండటంతో నమూనాను రెండింటికీ పంచవలసి వచ్చింది. ఆటగాళ్లు పెట్టిన డబ్బుతో ఎదిగిన చిప్ ఈ విధంగా కృత్రిమ మేధకు పనిముట్టు అయింది.

5. ఎంపికకు ఈ చరిత్ర చెప్పేది

అ) ప్రోగ్రామింగ్, డేటాబేస్, నెట్‌వర్క్ పాఠాలకు ప్రత్యేక గ్రాఫిక్స్ చిప్ అవసరం లేదు. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే పని సాఫీగా సాగుతుంది. ర్యామ్ తరువాత పెంచుకునే వీలుందో లేదో కొనేముందే అడగండి.

ఆ) భారీ ఆటలకు ప్రత్యేక చిప్ కావాలి. మెషిన్ లెర్నింగ్ నమూనాలకు సొంత యంత్రంపైనే శిక్షణ ఇవ్వాలనుకుంటే అది బాగా ఉపయోగపడుతుంది. అప్పుడు చిప్ పేరుతోపాటు దాని మెమరీ చూడండి. అలెక్స్‌నెట్ ఇబ్బంది అక్కడే వచ్చింది.

ఇ) ఒకే పేరున్న చిప్‌కు వేర్వేరు ల్యాప్‌టాప్‌లలో వేర్వేరు వాట్ల విద్యుత్తు అందుతుంది. పల్చని యంత్రం వేడిని త్వరగా వదిలించుకోలేదు కాబట్టి అందులో అదే చిప్ నెమ్మదిగా నడవవచ్చు.

ఈ) 150 వాట్లు వాడే యంత్రం 100 వాట్-అవర్ల బ్యాటరీని 40 నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. ఆటలు చార్జర్ దగ్గరే అనుకోవాలి.

రోజూ బస్సులో కాలేజీకి మోసుకెళ్లేవారికి తేలికైన యంత్రం మేలు. హాస్టల్ బల్లమీదే ఉండేదైతే బరువైన గేమింగ్ ల్యాప్‌టాప్ తప్పేమీ కాదు.

6. సారాంశం

ఆట కోసం సాగిన కృషి చదువుకు పనిముట్లను ఇచ్చింది. ఆస్బోర్న్ కాలం నుంచి నేటి వరకు తేలిక, శక్తి, బ్యాటరీ మూడూ పూర్తిగా ఒకే పెట్టెలో ఇమడలేదు. వాటిలో దేన్ని వదులుకోగలరో ముందు తేల్చుకుంటే, ఉన్న డబ్బుకు తగిన యంత్రం దొరుకుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. యూనిక్స్ ఆవిర్భావంలో ‘స్పేస్ ట్రావెల్’ పాత్రను వివరించండి.
2. గ్రాఫిక్స్ చిప్ శాస్త్రీయ గణనకు ఎందుకు ఉపయోగపడింది?
3. మీ అవసరాలను బట్టి మీరు ఎలాంటి ల్యాప్‌టాప్ ఎంచుకుంటారో కారణాలతో రాయండి.