యుద్ధం వస్తే బడి ఏమవుతుంది?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనకు హిట్లర్, హిరోషిమా గుర్తొస్తాయి గానీ, తెలుగు ఊళ్ళ మీద కూడా బాంబులు పడ్డాయని చాలామందికి తెలియదు.

ఆ భయంతో మద్రాసు ఖాళీ అయింది. ఇక్కడ ముఖ్యమైన పని లేనివాళ్ళు వెళ్ళిపోవచ్చని ప్రభుత్వమే చెప్పింది. హైకోర్టు కోయంబత్తూరుకు మారింది. మన వాషర్‌మెన్‌పేట హార్బరుకు ఎంత దగ్గరో తెలుసు కదా, ఇక్కడివాళ్ళు ఎలా ఉండగలరు? అంతకుముందు 1914లో ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ వచ్చి హార్బరు దగ్గర చమురు ట్యాంకులను పేల్చినప్పుడే జనం పారిపోయారు. గడుసువాణ్ణి ఈ ఊళ్ళో ఇప్పటికీ 'ఎమ్డెన్' అంటారు!

వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం భవనాలను మిలిటరీ తీసుకుంది. యూనివర్సిటీ గుంటూరుకు వెళ్ళి పాఠాలు నడిపింది. అది పెద్ద సంస్థ, వెళ్ళడానికి చోటు దొరికింది. కానీ మూటాముల్లె కట్టుకుని అమ్మమ్మ ఊరికి పోయిన ఐదో తరగతి పిల్లకు ఎవరు చోటు చూపిస్తారు? కోర్టు మారితే చరిత్రలో రాస్తారు, ఆ పిల్ల చదువు ఆగితే రాయరు.

బర్మా తెలుగువాళ్ళది ఇంకా పెద్ద కష్టం. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. సుమారు 5 లక్షలమంది భారతీయులు బర్మా వదిలి బయలుదేరారు. చాలామంది అడవులూ కొండలూ దాటి నడిచారు, దారిలో వేలమంది చనిపోయారు. ప్రాణమే దక్కనప్పుడు పలకా పుస్తకం ఎవరికి గుర్తుంటాయి?

ఇదంతా పాతకథ అనుకోకండి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం గొడవల్లో మావోయిస్టులు బడులు పేల్చారు, భద్రతా దళాలు బడుల్లోనే మకాం పెట్టాయి. బడులు ఖాళీ చెయ్యమని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ గిరిజనులు వేలమంది ఖమ్మం అడవులకు వచ్చేశారు. వాళ్ళనే గొత్తికోయలు అంటారు. ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది కోయ, అక్కడి బడిలో హిందీ, ఇక్కడి బడిలో తెలుగు. తమిళ ఊళ్ళో తెలుగులో చదివే మనకు ఇది వేరేవాళ్ళు చెప్పక్కర్లేదు. మనకు ఇంటి మాట బడిలో కూడా ఉంది, వాళ్ళకు లేదు. పైగా సొంత రాష్ట్రంలో ఎస్టీ అయిన పిల్లవాడికి ఇక్కడ ఆ సర్టిఫికెట్ దొరకడం కష్టం. అది లేకపోతే స్కాలర్‌షిప్ దగ్గర ఆగిపోతాడు.