సర్వర్‌కు ‘అప్‌డేట్’ కొట్టారా? ప్యాచ్ ఇంకా పడనట్టే!

పొదిలిలో షాపు బిల్లింగ్‌కు చిన్న సర్వర్ పెట్టుకున్నా ఇది తెలియాల్సిందే. 2017 మే 12న మొదలైన వానాక్రై దాడిలో గుంటూరు సహా ఏపీలోని పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు లాక్ అయ్యాయి. అప్పటికి సపోర్ట్‌లో ఉన్న విండోస్ వెర్షన్లకు ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. వేసుకోనివాళ్లే దొరికిపోయారు.

మరి ఉబుంటు సర్వర్ అయితే? టెర్మినల్‌లో ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ కొట్టి పనైపోయిందనుకుంటారు చాలామంది. అది కొత్త ప్యాకేజీల లిస్ట్ తెస్తుంది, అంతే! ‘సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్’ కొడితేనే ప్యాచ్ ఎక్కుతుంది. ముందు బ్యాకప్ తీసుకోండి. రోజూ చూసే తీరిక లేకపోతే ‘అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్’ ప్యాకేజీ సెక్యూరిటీ ప్యాచ్‌లను తనే వేసేస్తుంది. కెర్నల్ మారితే మాత్రం రీబూట్ చేసేదాకా పాతదే నడుస్తుంటుంది. బిల్లింగ్ ఆగుతుందనుకుంటే, రాత్రి షాపు కట్టేశాక చేసేయండి.